నాలుగు మీటలు

మిట్టూరు మలుపులో దిల్షాద్ అంగడి.
కోళ్ల మేత, చేపల తొట్లు,
వాటెనక కొత్తగా ఒక అర, కుక్కలకంట.
"తీస్కపో అక్కా, వేసి చూడు,
నచ్చకపోతే వాపసు" అన్నాడు.
టిక్కెట్టు వెనక చిల్లర రాసిచ్చే కండక్టరమ్మను.
నాకే ఒకడు వాపసు అంటే సంబరం గాదా?
సంచీ నిండా తెచ్చుకున్నా.

మొదట బో టై. ఎర్రది, తెల్ల చుక్కలది.
కట్టించుకోని మా రాగి
పిలవని పెండ్లికొచ్చిన మేనమామ మాదిరి
గోడ పక్క నిలబడింది, ఎవురినీ చూడకుండా.

వాన కోటు.
చిత్తూరులో కోటు కొన్నాక వాన వొస్తుందా?
బక్కెట్టుతో నేనే పోసినా.
అప్పుడది నన్ను చూసిన చూపు
కిటికీ సీటులో తువ్వాలేసి దిగిపోయినోడు
తిరిగొచ్చి ఇంకొకర్ని చూసే చూపు.

బూట్లు నాలుగు, ఎండల్లో తారు రోడ్డుకని.
ఒక్కో కాలూ ఎత్తెత్తి
బురదలో కొంగ నడిచినట్టు నడిచింది.
వీధి కొసకు మూడే మిగిలినాయి.
నాలుగోది ఇంద్రాణమ్మ మేక నములుతా ఉండాది,
నిదానంగా, తాంబూలం మాదిరి.

నాక్కూడా ఉండాది ఒకటి, నడుం పట్టీ.
తాడు దానికి తగిలిస్తే చేతులు ఖాళీ అంట.
టిక్కెట్టు మిషను వేలాడే చోటే తగిలించినా.
గిరింపేట సందులో రాగికి పందికొక్కు కనబడింది.
ఆ తర్వాత కత
నా మోకాలి చిప్పను అడగండి.

ఆఖర్న మీటలు.
రబ్బరు చాప మీద నాలుగు గుండ్రటి మీటలు.
మన గొంతు అందులో పట్టి పెడితే
కుక్క కాలితో నొక్కి మాట్లాడుతుందంట.
ఆ రాత్రి తిరుపతి నుంచి కడా ట్రిప్పు,
పూతలపట్టు కాడ గంట సేపు ఆగిపోయి వొచ్చినా.
కాకీ చొక్కా విప్పకుండానే కూర్చోని
నాలుగు మాటలు నింపేసినా:
బువ్వ. బయటికి. నీళ్లు. చాలు.

పది దినాలు దాని మీద పండుకునింది, అంతే.
పదకొండో దినం మద్యానం
సంగటి కెలకతా ఉంటే వెనక నుంచి నేనే అన్నా:
బువ్వ.
తిరిగి చూస్తే రాగి, మీట మీద కాలు.
ఇంక చూడు, బువ్వ బువ్వ బువ్వ.
డ్రైవరు మునిచంద్ర ఇంటికొచ్చి మరీ నవ్వినాడు,
"మన డిపోలో కొందరికన్నా తెలివి" అని.

ఒక రాత్రి దువ్వెన తొడుగు చేతికేసుకోని
దువ్వతా ఉండా. బొచ్చు ఎగరతా ఉండాది.
మెడకు మినుకుమినుకుమనే పట్టా,
చెవికి రిబ్బను, నా నోట్లో జోలపాట.
రాగి లేసింది.
మెల్లిగా చాప కాడికి పోయింది.
చాలు.

ఇల్లంతా నా గొంతు.
లోపలికి జరగండి, చిల్లర లేదు, దిగు దిగు,
ఆ అరుపులన్నీ అడుగంటినాక మిగిలిన మడ్డి.
చంద్రగిరి కాడ చంటిదాన్ని ఎత్తుకున్న ఆమెకు
ఈ గొంతుతోనా చెప్పింది నేను, సీటు లేదని?

రాగి మళ్లీ నొక్కింది. చాలు.
నా సర్వీసులో ఇంత మర్యాదగా
నన్ను ఆపినోళ్లు లేరు.
తొడుగు తీసేసినా. రిబ్బను విప్పినా.
అది పోయి గడప కాడ పండుకునింది.

మర్నాడు ఆఫు.
ఉడుకు నీళ్లు తాగి, గొంతు సవరించుకోని
మీట నొక్కి మళ్లీ నింపినా. చాలు.
ఊహూ. చాలు. ఇంకా కండక్టరే.
ఏడోసారి చెప్తా ఉంటే
పక్కన కూర్చున్న రాగి మొరిగింది,
అదీ అందులో పడిపోయింది.
అట్లే ఉంచేసినా.

మిగిలినవన్నీ దిల్షాద్‌కు తిరిగిచ్చేసినా.
మూడు బూట్లు మాత్రం వొద్దన్నాడు.
ఇంద్రాణమ్మను అడగాల,
మేకకు సరిపోతాయేమో.